నాలుగు డాలర్ల ఉద్దెర

మిర్యాలగూడలో మా వంటింటి గోడకు ఒక మేకు, ఆ మేకుకు పొడుగాటి ఖాతా పుస్తకం వేలాడుతుండేది. చిన్నప్పుడు ఆ పుస్తకం చంకలో పెట్టుకుని కిరాణా కొట్టుకు పోవడం నా పని. కందిపప్పు రెండు కిలోలు, మంచినూనె ప్యాకెట్, సర్ఫు అంటూ సేటు తన పుస్తకంలో రాసుకుని, అదే లెక్క మా పుస్తకంలోనూ ఎక్కించి ఇచ్చేవాడు. మా నాయిన ప్రభుత్వ బడిలో ఎస్జీటీ టీచరు. ఒకటో తారీఖు జీతం పడగానే కొట్టుకు పోయి లెక్క తేల్చుకుని వచ్చేవాడు. అరువు, అప్పు అని వేరేచోట్ల అంటారేమో గానీ మా దగ్గర దీని పేరు ఉద్దెర.

అమ్మకు ఆపరేషన్ అయిన ఏడు మాత్రం మూడు నెలల పాటు లెక్క తేలలేదు. చేతిలో ఉన్నది సగమే. అదే పట్టుకుపోయి నాయిన కొట్టు ముందు తల దించుకుని నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను. సేటు ముఖంలో ఏ మార్పూ లేదు. "ఉన్నకాడికి ఇయ్యి సారూ. మిగిలింది మల్ల జూసుకుందాం, నువ్వేడికి పోతవ్" అన్నాడు. ఇంకో నెల లెక్క 1,842 రూపాయలు తేలితే, "1,840 ఇయ్యి సారూ, ఆ రెండు తీసెయ్" అనేవాడు. ఉద్దెర గురించి నాకు తెలిసిన చదువంతా ఆ కొట్టు దగ్గర నేర్చుకున్నదే. వడ్డీ ఉండదు, మనిషిని చూసి ఇస్తారు, ఉన్నంత కడితే మర్యాద నిలబడుతుంది, చిల్లర వదిలేస్తారు. 22 ఏళ్ళ వయసులో ఈ చదువు వెంటబెట్టుకునే నేను అమెరికా విమానం ఎక్కాను. నా కొంప ముంచింది కూడా ఇదే.

2014 ఆగస్టులో టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఎంఎస్‌లో చేరాను. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన చదువు లోను. డాలరు 60 రూపాయల పైమాట. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు సెమిస్టర్ నడుస్తున్నన్ని రోజులూ క్యాంపస్‌లోనే, అదీ వారానికి 20 గంటలకు మించకుండా పని చేసుకోవాలి. నాకు డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగే పని దొరికింది. గంటకు 8 డాలర్లు. అమెరికా ఫెడరల్ కనీస వేతనం 7 డాలర్ల 25 సెంట్లు కాబట్టి నాది కొంచెం పెద్ద జీతమే అని మురిసిపోయాను. ఆ పని ఇచ్చిన ఉత్తరం పట్టుకుని వెళితే సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చింది. మా అపార్ట్‌మెంట్‌లో ఉన్న నలుగురిలో ఆ నంబరు ముందు వచ్చింది నాకే. సీనియర్లంతా ఒకటే మాట: "క్రెడిట్ హిస్టరీ బిల్డ్ చేసుకో మామా, లేకపోతే రేపు ఇల్లు దొరకదు, కారు దొరకదు." అక్టోబరులో నా పేరు అచ్చేసిన స్టూడెంట్ క్రెడిట్ కార్డు కవర్లో వచ్చింది. ఏడాది రుసుం లేదు. పరిమితి 500 డాలర్లు. వడ్డీ ఏటికి 22.99 శాతం.

500 డాలర్లంటే నా బుర్రలో 30 వేల రూపాయలు. అంటే నాయిన నెల జీతానికి దగ్గర దగ్గర. నెలకో జీతం నా జేబులో కార్డు రూపంలో కూర్చున్నట్టు అనిపించింది. పరిమితి అన్నది బ్యాంకు నా మీద వేసుకున్న అనుమానం అని, ఇంతకు మించి వీణ్ణి నమ్మలేం అని వాళ్ళు చెప్పిన మాట అని అప్పుడు తట్టలేదు. అది నాకు వచ్చిన డబ్బు అనుకున్నాను.

ఇంటి సరుకులన్నీ నా కార్డు మీదే కొనడం మొదలైంది. ఇండియన్ స్టోరులో 20 పౌండ్ల సోనా మసూరి బస్తా, కందిపప్పు, గోంగూర పచ్చడి సీసాలు, వారానికి సరిపడా పెరుగు డబ్బాలు, ఇంటికి కరెంటు బిల్లు, వైఫై బిల్లు. నేను గీకేవాణ్ణి. ఎవరి వాటా ఎంతో స్ప్లిట్‌వైజ్ యాప్‌లో రాసేవాళ్ళం. మిగతా ముగ్గురూ తమ వాటా రెండు మూడు రోజుల్లోనే నోట్ల రూపంలో నా చేతిలో పెట్టేవాళ్ళు. వాళ్ళ తప్పు ఇసుమంత లేదు. ఎవరూ ఎగ్గొట్టలేదు, ఎవరూ ఆలస్యం చేయలేదు.

తప్పంతా ఆ నోట్లు నా జేబులో పడ్డాక జరిగింది. ఒకరు 60, ఒకరు 45, ఇంకొకరు 38. చేతిలో పచ్చనోట్లు కనబడితే సంపాదనలా ఉండేది. నిజానికి ఆ డబ్బు బ్యాంకుది. ముగ్గురు స్నేహితుల అప్పు నా చేతి మీదుగా బ్యాంకుకు పోవాల్సిన దారిలో నా దగ్గర ఒక రాత్రి మజిలీ చేస్తోంది, అంతే. నేను ఆ మజిలీలోనే ఖర్చు పెట్టేశాను. చలికోటు కొన్నాను. పిజ్జాలు తిన్నాను. బ్లాక్ ఫ్రైడే అని తెల్లవారుజామున లైనులో నిలబడి, పాత ఫోను బాగానే పనిచేస్తుంటే కొత్తది కొన్నాను. ఈ ఒక్క సంగతి రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మిగతావన్నీ తెలియక చేసినవి. ఇది తెలిసే చేశాను.

అదే వారం, థాంక్స్‌గివింగ్ సెలవులకు కారు అద్దెకు తీసుకుని శాన్ ఆంటోనియో వెళ్ళాం. రివర్ వాక్ దగ్గర దీపాలు చూడాలని అందరికీ ఉబలాటం. క్రెడిట్ కార్డు ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి కారు నా పేరు మీదే. అప్పటికే కార్డు మీద 120 డాలర్ల బాకీ ఉంది. కౌంటర్లో ఉన్న అమ్మాయి అద్దె 140 అవుతుంది, దాని మీద ఇంకో 200 డిపాజిట్ కింద పట్టి ఉంచుతాం, కారు తిరిగిచ్చాక వదిలేస్తాం అని చెప్పింది. తలూపాను. చెవికి ఎక్కలేదు. రాత్రి పదిన్నరకు మోటెల్ డెస్కు దగ్గర 65 డాలర్ల గదికి కార్డు ఇస్తే డిక్లైన్. మళ్ళీ గీకమన్నాను. మళ్ళీ డిక్లైన్. 500లో మిగిలింది 40 అని లెక్క వేసుకోవడానికి నాకు పది నిమిషాలు పట్టింది. పట్టి ఉంచిన డబ్బు ఖర్చు కాకపోయినా పరిమితిని మింగేస్తుంది. పెట్రోలు పంపులోనూ, హోటల్లోనూ ఇదే తంతు. పదివేల డాలర్ల పరిమితి ఉన్నవాళ్ళకు ఇది కంటికి కూడా ఆనదు. 500 ఉన్నవాడికి నడిరోడ్డు. మా వెనక నిలబడ్డ ఆవిడ ఓపిగ్గా చూస్తుంటే, మాలో ఒకడు తన డెబిట్ కార్డు తీసి కట్టాడు.

ఆ రాత్రి నేను అవమానపడ్డాను గానీ నేర్చుకున్నది లేదు. బ్యాంకు నన్ను కాదంది అని కోపం వచ్చింది. అమెరికాలో 2009లో వచ్చిన క్రెడిట్ కార్డ్ చట్టం ప్రకారం, మనం ముందుగా ఒప్పుకుంటే తప్ప పరిమితి దాటినందుకు బ్యాంకు రుసుం వేయకూడదు. ఒప్పుకోలేదు కాబట్టి నన్ను గుమ్మం దగ్గరే ఆపేశారు. నాకు జరిగిన మేలు అది.

డిసెంబరు మధ్యలో సెమిస్టర్ అయిపోయింది. డైనింగ్ హాల్ మూసేశారు. నెల రోజులు పని లేదు, చెక్కు లేదు. సరుకులు మాత్రం ఆగవు కదా. జనవరి 8న వచ్చిన స్టేట్‌మెంట్‌లో బాకీ 480 డాలర్లు. ఖాతాలో ఉన్నది 90. గుండె జారింది. దాని కింద ఇంకో గీతలో 'మినిమం పేమెంట్ డ్యూ: 25' అని ఉంది. ఆ అంకె చూడగానే మిర్యాలగూడ సేటు గొంతు వినబడింది. ఉన్నకాడికి ఇయ్యి సారూ. ఫిబ్రవరి 5 గడువైతే జనవరి 28నే 25 డాలర్లు కట్టేసి, మాట నిలబెట్టుకున్న మనిషిలా నిద్రపోయాను.

స్టేట్‌మెంట్‌లోనే ఒక చిన్న పెట్టె ఉంటుంది. కొత్తగా ఏమీ కొనకుండా ప్రతి నెలా కనీస మొత్తమే కడుతూ పోతే బాకీ తీరడానికి ఎంత కాలం పడుతుందో, మొత్తం ఎంత కట్టాల్సి వస్తుందో అందులో రాయాలని ఆ 2009 చట్టమే చెప్పింది. నా పెట్టెలో 2 ఏళ్ళు, దాదాపు 604 డాలర్లు అని ఉంది. సిగరెట్ పెట్టె మీద బొమ్మను చూసినట్టు చూసి వదిలేశాను. లెక్క కష్టమైనదేమీ కాదు. 480 మీద 22.99 శాతం అంటే నెలకు 9 డాలర్ల పైచిలుకు వడ్డీ. నేను కట్టే 25లో అసలుకు పోయేది 16 కూడా కాదు. ఇంజనీరింగ్ చదివి వచ్చినవాణ్ణి, ఈ భాగహారం చేసుకోలేదు.

ఇంకో సంగతి ఉంది, ఇది పెట్టెలో కూడా ఉండదు. నెలనెలా బిల్లు మొత్తం కట్టేవాడికి కొత్త కొనుగోళ్ళ మీద గడువు తేదీ దాకా వడ్డీ పడదు. మూడు వారాల పైన ఊరికే వాడుకోవచ్చు. ఒక్కసారి బాకీ మిగిలిస్తే ఆ వెసులుబాటు పోతుంది. ఇక కొత్తగా గీకిన ప్రతి డాలరు మీదా గీకిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. పెరుగు డబ్బా కొన్నా వడ్డీయే. మా సేటు దగ్గర పాత బాకీ ఉన్నంత మాత్రాన కొత్త పప్పు ధర పెరిగేది కాదు. ఇక్కడ పెరుగుతుంది. ఉన్నకాడికి కట్టడం మా ఊళ్ళో మర్యాద. ఈ కార్డు విషయంలో అది వడ్డీకి తలుపు తీయడం. నేను ఫిబ్రవరిలో ఆటోపే పెట్టాను. దేనికి? కనీస మొత్తానికి! పైగా ఎంత తెలివిగా పెట్టానో అని సంబరం.

ఏప్రిల్లో నాకు మొదటిసారి నా క్రెడిట్ స్కోరు కనబడింది. ఫైకో స్కోరు పుట్టాలంటే కనీసం ఒక ఖాతా తెరిచి ఆరు నెలలు నిండాలి. అది 300 నుంచి 850 దాకా ఉంటుంది. నాది 640 కూడా లేదు. ఒక్క గడువు తప్పని నాకు ఇదేమిటని సీనియర్ అన్న దగ్గరకు పోయి లొల్లి చేశాను. ఆయన నా స్టేట్‌మెంట్లు వరసగా తిప్పి చూసి, "తమ్మీ, నువ్వు కట్టిన తారీఖులు బానే ఉన్నయ్. ఈ అంకె జూడు" అని ప్రతి స్టేట్‌మెంట్ మీదా 450, 470, 480 దగ్గర వేలు పెట్టాడు.

ఫైకో లెక్కలో 35 శాతం బరువు సమయానికి కట్టడానిది. 30 శాతం ఎంత బాకీ ఉన్నావన్నదానిది. మిగిలింది ఖాతాల వయసుకు 15, కొత్త అప్పులకు 10, అప్పుల రకాలకు 10. రెండో దాంట్లో వాళ్ళు చూసేది ముఖ్యంగా పరిమితిలో ఎంత వంతు వాడావని. అదీ ఏ రోజున? సాధారణంగా స్టేట్‌మెంట్ మూసిన రోజున ఎంత ఉంటే అదే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ బ్యూరోలకు పోతుంది. నేను మొదటి రెండు నెలలూ బిల్లు మొత్తం గడువులోపే కట్టాను. కానీ స్టేట్‌మెంట్ రోజున 450 ఉంది కాబట్టి వాళ్ళ కంటికి నేను 90 శాతం మునిగినవాణ్ణి. మూడు వారాల తర్వాత నేను కట్టిన సంగతి స్టేట్‌మెంట్ రోజున తీసిన ఆ ఫొటోలో లేదు. 30 శాతం దాటకుండా ఉంటే మంచిదని, 10 లోపు ఉంటే ఇంకా మంచిదని అంటారు. 500 మీద 30 శాతం అంటే 150. ఇండియన్ స్టోరుకు నలుగురి కోసం ఒక్కసారి వెళ్ళొస్తే అయిపోయింది. అదే 150 ఆ సీనియర్ అన్న కార్డు మీద ఒకటిన్నర శాతం. చిన్న పరిమితి ఉన్నవాడు ఏం కొన్నా పెద్దగా కనబడతాడు.

మందు చాలా చిన్నది. స్టేట్‌మెంట్ తేదీ 8 అయితే 5న, 6నే ఉన్న బాకీలో చాలా వరకు కట్టేస్తే ఫొటోలో చిన్న అంకె పడుతుంది. నెలకు ఒక్కసారే కట్టాలని ఎవరూ అనలేదు, వారానికోసారి కట్టినా తీసుకుంటారు. ఈ వాడకం దెబ్బ తొందరగా మానుతుంది కూడా, ఒకటి రెండు నెలలు తక్కువ చూపిస్తే స్కోరు లేస్తుంది. అన్న ఇదంతా చెప్పాడు. విన్నాను. అయితే చెయ్యడానికి చేతిలో డబ్బుండాలి కదా. బాకీ 400 దగ్గర గడ్డకట్టుకుని కూర్చుంది. ఏడాది పైన అలాగే ఉంది.

ఆదివారం ఆదివారం నాయిన ఫోను చేసేవాడు. "పైసలు సరిపోతున్నయా బిడ్డా? ఉద్దెర గిట్ల ఏం జేస్తలేవు గదా?" అని ప్రతిసారీ అదే ప్రశ్న. "ఏం లేదు నాయినా, మంచిగనే ఉన్న" అని ప్రతిసారీ అదే జవాబు. అడిగితే 25 వేలు పంపేవాడే. ఎక్కడో ఇంకో చోట ఉద్దెర చేసి పంపేవాడు. అది నాకు ఇష్టం లేదని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. స్నేహితుల డబ్బు తిన్నానని చెప్పాల్సి వస్తుందని భయం.

2016 ఏప్రిల్లో దారి దొరికింది. అమెరికాలో చదివే విదేశీ విద్యార్థులకు మామూలుగా స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. మన దేశం వాళ్ళకు మాత్రం ఉంది. భారత్–అమెరికా పన్ను ఒప్పందంలోని 21(2) అధికరణం పుణ్యం. 2015 సంవత్సరానికి అది 6,300 డాలర్లు. నా గిన్నెల సంపాదన అంతకంటే తక్కువే. కోసుకున్న ఫెడరల్ పన్నంతా చెక్కు రూపంలో వెనక్కి వచ్చింది, 440 డాలర్లు. ఏప్రిల్ 8 స్టేట్‌మెంట్ ప్రకారం నా బాకీ 431. ఏప్రిల్ 25న మొత్తం ఒక్కసారే కట్టేశాను. యాప్‌లో బాకీ సున్నా అని చూసి గదిలో గంతులేశాను. బాకీ తీరింది కదా అని ఆటోపే తీసేశాను. యాప్ తీసేశాను. కార్డు పెట్టెలో బట్టల కింద పడేశాను. ఇక ఈ దయ్యంతో పని లేదు.

తర్వాతి నెలలో పట్టా వచ్చింది. ఉద్యోగం వచ్చింది. ఇల్లు మారాను, ఫోను నంబరు మారింది, యూనివర్సిటీ మెయిల్ చూడటం మానేశాను. జూలై 20 ప్రాంతంలో సెకండ్‌హ్యాండ్ కారు కొందామని డీలర్ దగ్గరకు వెళ్ళాను. ఏ బాకీ లేనివాణ్ణి, బంగారం లాంటి ఉద్యోగం ఉన్నవాణ్ణి. అతను కంప్యూటర్ చూసి లోనుకు 11 శాతం పైన వడ్డీ చెప్పాడు. నా రూమ్మేటు అంతకు నెల ముందు 4 శాతానికి తీసుకున్నాడు. ఎందుకని అడిగితే కాగితం నా వైపు తిప్పాడు. క్రెడిట్ కార్డు, 30 రోజుల ఆలస్యం.

నేను ఏప్రిల్ 25న కట్టింది ఏప్రిల్ 8 దాకా తేలిన లెక్క. 8 నుంచి 25 దాకా 17 రోజులు ఆ 431 నా నెత్తి మీదే ఉంది కదా, ఆ 17 రోజుల వడ్డీ ఎక్కడికి పోతుంది? మే 8 స్టేట్‌మెంట్‌లో వచ్చి కూర్చుంది. 4 డాలర్ల 61 సెంట్లు. యాప్ సున్నా అన్నది ఆ రోజుకు నిజమే, ఇంకా బిల్లులోకి ఎక్కని వడ్డీ అందులో కనబడదు. జూన్ 5 గడువు. నేను చూడలేదు. ఆలస్య రుసుం కట్టాల్సిన కనీస మొత్తాన్ని మించకూడదని చట్టం, అందువల్ల రుసుం కూడా 4 డాలర్ల 61 సెంట్లే పడింది. జూలైలో ఇంకోటి. అన్నీ కలిపి 18 డాలర్ల చిల్లర. డబ్బుగా చూస్తే ఒక పూట బిర్యానీ. కానీ గడువు దాటి 30 రోజులు నిండగానే బ్యాంకు దాన్ని బ్యూరోలకు రాసేసింది. అలాంటి రాత ఏడేళ్ళు ఉంటుంది.

ఏడాది పైగా 22.99 శాతం వడ్డీ కడుతూ ఒక్క రోజు గడువు తప్పలేదు. అన్నీ తీర్చేశాక తప్పాను.

డీలర్ కొట్టు బయట నిలబడే బ్యాంకుకు ఫోను చేశాను. అవతల ఉన్నావిడ మర్యాదగా మాట్లాడింది. రుసుములు తీసేసింది. వడ్డీ కట్టించుకుంది. ఆలస్యం రాత తీయడం మాత్రం కుదరదంది, జరిగింది నిజమే కాబట్టి. తర్వాత నేను బతిమాలుతూ ఉత్తరం కూడా రాశాను. అదే జవాబు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. మా సేటు అయితే "ఆ నాలుగు తీసెయ్ సారూ" అనేవాడు, కానీ సేటు నా మొహం ఎరుగు. ఇక్కడ నా మొహం ఎవరికీ అక్కర్లేదు. కారు కొనలేదు. ఆరు నెలలు ఒక సహోద్యోగి కారులో పెట్రోలు ఖర్చు పంచుకుంటూ ఆఫీసుకు వెళ్ళాను. తర్వాత మళ్ళీ ఇల్లు మారినప్పుడు అద్దెకిచ్చేవాళ్ళు ఇంకో నెల డిపాజిట్ ఎక్కువ అడిగారు. ఇచ్చాను.

మరి ఆ కార్డును ఏం చేశాను? మూయలేదు. అదే నా అన్నింటిలోకీ పాత ఖాతా. నెలకు ఒకే ఒక్క ఫోను బిల్లు, 40 డాలర్లు, దాని మీద పెట్టాను. ఆటోపే మళ్ళీ పెట్టాను, ఈసారి స్టేట్‌మెంట్ మొత్తానికి. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో ముందే ఉండేలా జీతం రోజునే పక్కన తీసేవాణ్ణి. హెచ్చరికలు వచ్చే మెయిల్‌ను జీవితాంతం ఉండే సొంత మెయిల్‌కు మార్చాను. నలుగురి సరుకులు గీకే పని పూర్తిగా మానేశాను. ఎవరైనా "నీ కార్డు మీద తియ్యి, ఇచ్చేస్తాం" అంటే డెబిట్ కార్డు తీస్తాను. వాళ్ళ మీద నమ్మకం ఉంది. నా మీదే లేదు. మూడు బ్యూరోల నివేదికలూ యాన్యువల్‌క్రెడిట్‌రిపోర్ట్ డాట్ కామ్‌లో ఇప్పుడు వారం వారం ఉచితంగానే చూసుకోవచ్చు. నేను నెలకోసారి చూస్తాను.

హైదరాబాద్‌లో బీటెక్ చదివే మా చిన్నాన్న కొడుకు ఈ మధ్య ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద కార్డు తీసుకున్నాడు. అన్నా, నాది ఇండియా కార్డు, నీ అమెరికా కష్టాలు నాకు రావు అన్నాడు. అక్కడింకా ఘాటు తమ్మీ అన్నాను. మన బ్యాంకుల కార్డుల మీద వడ్డీ నెలకు మూడు, మూడున్నర శాతం ఉండటం మామూలే, అంటే ఏడాదికి 42 శాతం దాకా. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. అమెరికాలో 30 రోజుల దాకా రాయరు. రిజర్వ్ బ్యాంకు 2022 నిబంధనల్లో గడువు మీరి మూడు రోజులు దాటితే సిబిల్ లాంటి సంస్థలకు రాయవచ్చని ఉంది. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మినిమం డ్యూ అంటే ఏమిటన్నా అని అడిగాడు. అక్కడి నుంచి మొదలుపెట్టాను.

నాయినకు ఈ కథ 2018లో మిర్యాలగూడ వెళ్ళినప్పుడు చెప్పాను. స్నేహితుల డబ్బు సంగతి కూడా దాచలేదు. అరుగు మీద కూర్చుని మొత్తం విన్నాడు. తిడతాడనుకున్నాను. వడ్డీ ఎంత పోయిందని అడగలేదు, అబద్ధం ఎందుకు చెప్పావని కూడా అడగలేదు. ఆ నాలుగు డాలర్ల దగ్గరే ఆగిపోయాడు.

"మొత్తం గట్టినంక అడుగలేదా?" అన్నాడు.

"ఏమని?"

"ఇంకేమన్న ఉన్నదా అని. నేను సేటును ఎప్పుడూ అడిగేది గదా. పైసలిచ్చినంక ఆ పేజీ కింద గీత గొట్టిచ్చి, ఇంకేమన్న ఉన్నదా సేటూ అని అడిగి, లేదంటెనే పుస్తకం పట్టుకొచ్చేది. తెల్లారి మల్లోసారి గూడ అడిగేది. నువ్వు నా పక్కకే ఉండేటోనివి."

పక్కనే ఉన్నాను. సేటు సగం డబ్బుకు ఒప్పుకున్నది చూశాను, రెండు రూపాయలు వదిలేసింది చూశాను. నాకు పనికొచ్చేవి రెండూ గుర్తు పెట్టుకున్నాను. కట్టేవాడు చేసింది మాత్రం గమనించలేదు.

2023 జూలైలో నా క్రెడిట్ నివేదికలో ఆ ఆలస్యం రాత కనబడకుండా పోయింది. అమెరికాకు ఈ ఏడు వస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ కార్డు బాకీ సున్నా అయిన రోజున యాప్ తీసేయకండి. తర్వాతి స్టేట్‌మెంట్ తేదీన ఒకసారి, ఆ పై నెల స్టేట్‌మెంట్ తేదీన ఇంకోసారి తెరిచి చూడండి. ఇంకేమన్న ఉన్నదా అని అడగండి.